కర్నెల్ డ్రైవరా, యూజర్‌స్పేస్ డ్రైవరా? ముందు కాంటా చిట్టీ ఎక్కడ ఆగుతోందో చూడు

తమ్మీ, నీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది, వేరేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కల్లో మళ్లీ చెప్పి మొదలుపెడతా. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు, అందులో ఒకే సర్వర్, 32 కోర్లు, రెండు ఎన్‌వీఎంఈ డిస్కులు (వేగంగా నడిచే ఫ్లాష్ డిస్కులు), ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి లినక్స్‌లోని కేవీఎం మీద 11 వీఎంలు (ఒకే మెషీన్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడుపుతున్నావు, వాటిలో ఒకటి డేటాబేస్. యాసంగి వడ్లు రావడం మొదలైన దగ్గర్నుంచి కాంటా దగ్గర తూకం చిట్టీ సేవ్ కొడితే ఐదారు సెకన్లు తిరుగుతోంది. గేటు బయట ట్రాక్టర్లు లైన్ కట్టి ఉంటే రైతులు అరుస్తున్నారు, ఓనర్ నీ మీద పడుతున్నాడు. నెట్‌వర్క్ సమస్య కాదు, సర్వర్ ముందు కూర్చుని చేసినా అంతే అన్నావు. నీ ఫ్రెండ్ ఒకతను "కర్నెల్ డ్రైవర్ స్లో, ఎస్‌పీడీకే పెట్టి యూజర్‌స్పేస్‌కు మారిపో" అన్నాడు. కర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, యూజర్‌స్పేస్ అంటే దాని బయట మామూలు ప్రోగ్రాములు నడిచే చోటు, ఎస్‌పీడీకే అంటే డిస్కు డ్రైవర్‌ను ఆ బయటే నడిపే సాఫ్ట్‌వేర్. మారాలా వద్దా అని అడిగావు.

ఇప్పుడు మారకు. కర్నెల్ డ్రైవర్ గొప్పదని చెప్పడం లేదు. నీ ఐదు సెకన్లు ఆ డ్రైవర్ దగ్గర పోవడం లేదు, అంతే. డ్రైవర్ మారిస్తే మిగిలేది ఒక్కో ఐఓకి (డిస్కులో ఒకసారి రాయడానికో చదవడానికో) కొన్ని మైక్రోసెకన్లు, నువ్వు పోగొట్టుకుంటున్నది సెకన్లు, రెండింటి మధ్య పది లక్షల రెట్ల తేడా ఉంది. కానీ నీ ఫ్రెండ్ చెప్పింది వట్టి మాట కూడా కాదు, సరైన చోట అది నిజమే. అందుకే ఎక్కడ నిజమో, ఎక్కడ కాదో వివరంగా రాస్తున్నా. నేను పదిహేనేళ్లకు పైగా ఈ పనే చేస్తున్నా, పాలమూరులో ఒక కాలేజీ ల్యాబులో పాత సర్వర్ మీద కేవీఎం పెట్టడంతో మొదలైంది, తర్వాత హైదరాబాద్‌లో పెద్ద సెటప్‌లు చూశాను, రెండు పద్ధతులూ నా చేతులతో నడిపాను.

ఆ కాలేజీ ల్యాబు రోజుల్లో ఈ ప్రశ్నే పుట్టేది కాదు. కేవీఎం 2007లో 2.6.20 కర్నెల్‌తో వచ్చింది, వీఎంల కోసమే తయారైన వర్ట్ఐఓ బ్లాక్ డ్రైవర్ 2008 మొదట్లో 2.6.24తో వచ్చింది. అప్పుడు మా దగ్గర ఉన్నది 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు. నిమిషానికి 7200 అంటే సెకనుకు 120 చుట్లు, ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు, నీకు కావాల్సిన సెక్టార్ హెడ్డు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లు పైనే, హెడ్డు కదలడానికి ఇంకొంత. మధ్యలో సాఫ్ట్‌వేర్ 20 మైక్రోసెకన్లు తింటే ఎవరికి పట్టింది? అర శాతం కూడా కాదు. ఇప్పటి ఎన్‌వీఎంఈ ఫ్లాష్ 4 కేబీ రీడ్‌కు సుమారు 80 మైక్రోసెకన్లలో జవాబిస్తుంది. అదే 20 మైక్రోసెకన్లు ఇప్పుడు నాలుగో వంతు. ఇంటెల్ ఆప్టేన్ అనే డిస్కు ఒకటి 2017లో వచ్చింది, 2022లో ఆపేస్తున్నామని వాళ్లే ప్రకటించారు, అది పది మైక్రోసెకన్లలో ఇచ్చేది, దాని ముందు మన సాఫ్ట్‌వేరే అసలు బరువు. డిస్కు వేగం పెరిగేకొద్దీ మధ్యలో కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఖర్చు బయటపడింది, యూజర్‌స్పేస్ డ్రైవర్ల వాదన అక్కడ పుట్టింది.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరపడతారు. "కర్నెల్‌దా, యూజర్‌స్పేస్‌దా" అంటే ఒక్క ప్రశ్న అనుకుంటారు, అందులో రెండు ప్రశ్నలున్నాయి. వీఎంకు డిస్కులా కనిపించే ఆ వేషం ఎవరు కడుతున్నారు అనేది ఒకటి, అసలు డిస్కుతో మాట్లాడే డ్రైవర్ ఎక్కడుంది అనేది రెండోది. నీ సెటప్‌లో వేషం కట్టేది క్యూఎమ్యూ, అది మామూలు యూజర్‌స్పేస్ ప్రోగ్రామ్. డిస్కుతో మాట్లాడేది హోస్ట్ (అసలు సర్వర్) కర్నెల్‌లోని ఎన్‌వీఎంఈ డ్రైవర్. అంటే నువ్వు ఇప్పటికే సగం యూజర్‌స్పేస్‌లో ఉన్నావు. ఎస్‌పీడీకే పెడితే రెండూ యూజర్‌స్పేస్‌కు వస్తాయి. వీహోస్ట్ స్కజీ (క్యూఎమ్యూ బదులు కర్నెలే వేషం కట్టే పద్ధతి) పెడితే రెండూ కర్నెల్‌లోకి పోతాయి. డిస్కునే పాస్‌త్రూ చేసి వీఎంకు అప్పజెప్తే గెస్ట్ (వీఎం లోపలి) కర్నెలే డ్రైవర్, మధ్యలో హోస్ట్ ఉండదు.

నీ చిట్టీ సేవ్ కొట్టినప్పుడు ఏమవుతుందో ఒకసారి నడిచి చూద్దాం. గెస్ట్‌లోని డేటాబేస్ రాస్తుంది, గెస్ట్ ఫైల్ సిస్టమ్, గెస్ట్ బ్లాక్ లేయర్ దాటి వర్ట్ఐఓ డ్రైవర్ ఆ రిక్వెస్ట్‌ను హోస్ట్‌కు కూడా కనిపించే ఒక రింగులో పెట్టి, "చూడు" అని ఒక తట్టు తడుతుంది. ఆ తట్టుకు వీసీపీయూ (వీఎంకు ఇచ్చిన ప్రాసెసర్) గెస్ట్‌లోంచి బయటికి వస్తుంది, దాన్నే వీఎం ఎగ్జిట్ అంటారు. క్యూఎమ్యూ థ్రెడ్ నిద్ర లేస్తుంది, రింగు చదివి, హోస్ట్ కర్నెల్‌కు సిస్టమ్ కాల్ చేస్తుంది, అంటే పని అప్పజెప్తుంది. హోస్ట్ ఫైల్ సిస్టమ్, ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచేది), బ్లాక్ లేయర్, ఎన్‌వీఎంఈ డ్రైవర్, డిస్కు. పని అయ్యాక డిస్కు ఇంటరప్ట్ ("అయ్యింది" అనే పిలుపు) ఇస్తుంది, మళ్లీ అదే దారిలో వెనక్కి, చివరికి గెస్ట్‌కు ఒక ఇంటరప్ట్. ఈ రాకపోకలన్నీ కలిపి నేను చూసిన మెషీన్లలో పది, ఇరవై మైక్రోసెకన్లు తినేవి, సెట్టింగులు బాగా లేకపోతే ఇంకా ఎక్కువ. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక వాటి ప్యాచుల వల్ల సిస్టమ్ కాల్ ఖర్చు ఇంకా పెరిగింది, యూజర్‌స్పేస్ వాదనకు అదీ కొంత బలమిచ్చింది.

ఎస్‌పీడీకే చేసేదేమిటంటే ఈ దారిలో థ్రెడ్‌ను నిద్ర లేపే చోట్లన్నీ తీసేస్తుంది. డిస్కును కర్నెల్ చేతిలోంచి తీసుకుని నేరుగా తన ప్రాసెస్ మెమరీకి తగిలించుకుంటుంది. ఒక కోర్ పూర్తిగా దానికే ఇవ్వాలి, ఆ కోర్ ఇంటరప్ట్ కోసం ఎదురుచూడదు, "కొత్త రిక్వెస్ట్ వచ్చిందా, పాతది అయిపోయిందా" అని తిరుగుతూనే ఉంటుంది, దీన్ని పోలింగ్ అంటారు. సిస్టమ్ కాల్ లేదు, కాంటెక్స్ట్ స్విచ్ లేదు, ఒక్కో కోర్‌కు సొంత క్యూ కాబట్టి లాకులు కూడా దాదాపు లేవు. గమనించు, వేగం వచ్చింది యూజర్‌స్పేస్ అన్న పేరు వల్ల కాదు, పోలింగ్ వల్ల, లాకులు లేకపోవడం వల్ల. అదే పని కర్నెల్‌లో చేసినా వేగం వస్తుంది.

నీ మిల్లులోనే చూడు. లారీ వచ్చినప్పుడు ఫోన్ చేసి హమాలీలను పిలిపించడం ఒక పద్ధతి. ఫోన్ ఎత్తి, బయల్దేరి, వచ్చేలోపు లారీ ఆగుతుంది, కానీ లారీ లేనప్పుడు వాళ్లు వేరే చోట పని చేసుకుంటారు. హమాలీల ముఠాను గేటు దగ్గరే పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబెట్టడం ఇంకో పద్ధతి, లారీ ఒక్క నిమిషం ఆగదు, కానీ లారీ వచ్చినా రాకపోయినా కూలి కట్టాలి. ఇంటరప్ట్ మొదటిది, పోలింగ్ రెండోది. యాసంగిలో నిమిషానికో లారీ వస్తుంటే గేటు దగ్గర నిలబెట్టడమే లాభం. శ్రావణంలో రోజుకు రెండు లారీలు వచ్చేటప్పుడు అలా నిలబెడితే ఏ ఓనరూ ఒప్పుకోడు. నీ సర్వర్‌లో కాంటా చిట్టీలు గంటకు ఎన్ని? వంద, రెండు వందలు. దానికోసం ఒక కోర్‌ను ఇరవై నాలుగు గంటలు నూరు శాతం తిప్పడం నాకు సబబుగా అనిపించడం లేదు. పైగా క్యూఎమ్యూలో మధ్యే మార్గం ఒకటి ఎప్పటినుంచో ఉంది. దాని ఐఓ థ్రెడ్ పడుకునే ముందు కాసేపు, డిఫాల్ట్‌గా గరిష్ఠం 32 మైక్రోసెకన్లు, అటూ ఇటూ చూసి ఏమీ రాకపోతేనే పడుకుంటుంది. పని ఎక్కువున్నప్పుడు అది పోలింగే, లేనప్పుడు నిద్రే.

అంకెలు కూడా చెప్తా, ఎందుకంటే నీ ఫ్రెండ్ చూపించేది అవే అయి ఉంటుంది. 2019లో ఎస్‌పీడీకే బృందం ఒకే థ్రెడ్ మీద సెకనుకు కోటికి పైగా ఐఓలు చేసి చూపించింది. చాలా గొప్ప పని అది. అదే 2019లో, 5.1 కర్నెల్‌తో, లినక్స్ బ్లాక్ లేయర్ చూసుకునే జెన్స్ ఆక్స్‌బో ఐఓ యూరింగ్ తెచ్చాడు. అప్లికేషన్‌కు, కర్నెల్‌కు మధ్య రెండు రింగులు పెట్టి, ఒక్కో ఐఓకి ఒక్కో సిస్టమ్ కాల్ అనే లెక్కను తీసేశాడు, కావాలంటే కర్నెల్ వైపే పోలింగ్ చేయొచ్చు. తర్వాతి రెండు మూడేళ్లలో బ్లాక్ లేయర్‌ను ఇంచు ఇంచు తగ్గించుకుంటూ వచ్చి, చిన్న బ్లాకులతో ఒకే కోర్ మీద ఆయన కూడా కోటి దాటించాడు. అంటే "కర్నెల్ దారి స్లో" అనే మాటకు పదేళ్ల కింద ఉన్న బలం ఇప్పుడు లేదు. క్యూఎమ్యూ 5.0 నుంచి, అంటే 2020 నుంచి, ఐఓ యూరింగ్ వాడుకోవచ్చు, ప్రాక్స్‌మాక్స్ 7 దగ్గర్నుంచి మామూలుగా అదే డిఫాల్ట్. 2024లో వచ్చిన క్యూఎమ్యూ 9.0లో ఒకే వర్ట్ఐఓ డిస్కు క్యూలను వేర్వేరు ఐఓ థ్రెడ్లకు పంచే వీలు కూడా వచ్చింది, అంతకుముందు ఒక డిస్కుకు ఒక థ్రెడ్డే, పెద్ద వీఎంలకు అదే గొంతు పట్టేసేది.

అంతా కర్నెల్‌లోనే పెడితే, అంటే వీహోస్ట్ దారి? నెట్‌వర్క్‌కు వీహోస్ట్ నెట్ 2010లో 2.6.34తో వచ్చి పాతుకుపోయింది. వీహోస్ట్ స్కజీ 2012లో 3.6తో వచ్చింది, కానీ అంతగా వాడుకలోకి రాలేదు. కారణం నా దృష్టిలో ఒకటే. డిస్కు అంటే ప్యాకెట్ కాదు, దాని చుట్టూ స్నాప్‌షాట్, బ్యాకప్, లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంను వేరే సర్వర్‌కు మార్చడం), క్యూకౌ ఇమేజీలు (క్యూఎమ్యూ సొంత రకం డిస్కు ఫైళ్లు) ఉంటాయి, అవన్నీ క్యూఎమ్యూలో ఉన్నాయి. క్యూఎమ్యూను పక్కకు పెడితే వేగం కొంత దొరుకుతుంది, అవన్నీ పోతాయి.

ఈ మాట యూజర్‌స్పేస్ వీహోస్ట్‌కూ (ఆ వేషం ఎస్‌పీడీకే కట్టేది) అచ్చంగా వర్తిస్తుంది, నీ నిర్ణయానికి నా లెక్కలో ఇదే అసలు విషయం. ఎస్‌పీడీకే వీహోస్ట్ పెట్టిన రోజు నుంచి డేటా క్యూఎమ్యూ బ్లాక్ లేయర్ గుండా పోదు. ప్రాక్స్‌మాక్స్‌లో రోజూ పడే వీఎం బ్యాకప్ ఆ బ్లాక్ లేయర్ మీదే ఆధారపడి ఉంది. అది ఆగిపోతుంది. స్నాప్‌షాట్ బటన్ పనిచేయదు. వీఎం మెమరీ ఎస్‌పీడీకే ప్రాసెస్‌తో పంచుకోవాలి, మామూలుగా అది హ్యూజ్ పేజీల్లో (పెద్ద పెద్ద మెమరీ ముక్కల్లో) పెడతారు, అంటే ఆ ర్యామ్ ముందే కట్టేసి ఉంటుంది, స్వాప్ కాదు, ఒకేలాంటి పేజీలు కలిపి ర్యామ్ మిగుల్చుకునే పద్ధతీ పనిచేయదు. నీది 11 వీఎంలను పిండి పిండి ఇరికించిన సర్వర్.

ఇంకోటి, డిస్కు కర్నెల్‌కు కనిపించదు. ఈ మాట చిన్నగా అనిపిస్తుంది, అనుభవిస్తే గానీ తెలియదు. మన ఊళ్లల్లో చెరువు తూము తాళం నీరటి దగ్గర ఉంటుంది, అతను వంతుల ప్రకారం ఆయకట్టు అంతటికీ నీళ్లు వదులుతాడు, ఎవరి మడికి ఎంత పోయిందో అతనికి తెలుసు. కర్నెల్ చేసేది ఆ పనే. డిస్కును ఎస్‌పీడీకేకు ఇవ్వడమంటే తూము తాళం ఒక్క రైతు ఇంటికి పట్టుకుపోవడం. అతని మడి నిండుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ డిస్కు మీద ఎల్‌వీఎం ఉండదు, ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఉండదు, డిస్కు వాడకం చూపే ఐఓస్టాట్‌లో వరస కనపడదు, స్మార్ట్ రీడింగు (డిస్కు ఆరోగ్యం లెక్క) తీసే మామూలు టూల్ పనిచేయదు, ఎవరు ఎంత వాడొచ్చో కట్టడి చేసే సీగ్రూప్ లిమిట్లు పట్టవు. వాటికి బదులు ఎస్‌పీడీకేకు సొంత లాజికల్ వాల్యూములు, సొంత రెయిడ్, సొంత వేగ పరిమితులు, సొంత కమాండ్లు ఉన్నాయి, మంచివే. కానీ అవన్నీ నేర్చుకున్న మనిషి ఉండాలి, రాత్రి రెండింటికి కూడా ఉండాలి.

హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక చోట ఇది జరిగింది. కొన్ని హోస్టుల్లో ఎస్‌పీడీకే వీహోస్ట్ పెట్టాం, టెస్టుల్లో అంకెలు చాలా బాగా వచ్చాయి, అందరం సంతోషపడ్డాం. మా మానిటరింగ్ మాత్రం కర్నెల్ లెక్కలు చదివేది. కొన్ని నెలల తర్వాత ఒక డిస్కు నెమ్మదిగా చెడిపోవడం మొదలైంది, మాకు ఒక్క అలర్ట్ రాలేదు, ఎందుకంటే కర్నెల్ దృష్టిలో ఆ డిస్కే లేదు. ఒక రాత్రి ఆ ప్రాసెస్ పడిపోయింది, ఆ హోస్ట్ మీదున్న వీఎంలన్నింటి డిస్కులూ ఒకేసారి ఆగిపోయాయి, ప్రాసెస్‌ను మళ్లీ లేపినా వీఎంలు దానికి తిరిగి కనెక్ట్ అయ్యే ఏర్పాటు మేం చేసి పెట్టలేదు, ఒక్కొక్కటీ రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. తెల్లారేదాకా నేను అనుభవించిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, చుట్టూ కట్టాల్సినవి కట్టకుండా మధ్యలోది మార్చాం. ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి, అదే లోపం కర్నెల్ డ్రైవర్‌లో వచ్చి ఉంటే హోస్ట్ మొత్తం పోయేది, ఇక్కడ ఒక ప్రాసెస్ మాత్రమే పోయింది. ఆ రకంగా చూస్తే యూజర్‌స్పేస్‌లో లోపం పరిధి చిన్నది. భద్రత లెక్కలో కూడా రెండు వైపులా చూడాలి. డిస్కును యూజర్‌స్పేస్‌కు ఇచ్చేటప్పుడు ఐఓఎంఎంయూ (డిస్కు ఏ మెమరీ తాకొచ్చో కట్టడి చేసే హార్డ్‌వేర్) ఆన్ చేసి వీఎఫ్ఐఓ అనే కర్నెల్ దారిలో ఇవ్వాలి, అది లేకుండా ఇస్తే ఆ డిస్కు హోస్ట్ మెమరీలో ఎక్కడైనా రాయగలదు. ఇటు ఐఓ యూరింగ్ మీద కూడా మచ్చ ఉంది, 2023లో గూగుల్ తమ కర్నెల్ బగ్ బహుమతులకు వచ్చిన వాటిలో 60 శాతం దాన్ని వాడుకున్నవే అని చెప్పి తమ సర్వర్లలో ఆపేసింది. నీ సర్వర్ మీద బయటివాళ్ల కోడ్ నడవదు కాబట్టి నీకు అది పెద్ద భయం కాదు, కర్నెల్ అప్‌డేట్లు మాత్రం ఆపకు.

సరే, మరి నీ ఐదు సెకన్లు ఎక్కడ పోతున్నాయి? నా అనుమానం చెప్తా. నువ్వు రాసిన డిస్కు మోడల్ చూస్తే అది డెస్క్‌టాప్ కోసం అమ్మేది, సర్వర్‌ది కాదు. డేటాబేస్ ప్రతి కమిట్‌కూ ఎఫ్‌సింక్ చేస్తుంది, అంటే "ఇది కరెంటు పోయినా ఉండాలి, అయ్యాకే చెప్పు" అని అడుగుతుంది. సర్వర్ ఎన్‌వీఎంఈల్లో కరెంటు పోయినప్పుడు డిస్కు ర్యామ్‌లో ఉన్నదాన్ని ఫ్లాష్‌లోకి రాసే వరకు నిలబెట్టే కెపాసిటర్లు ఉంటాయి, అందుకే అది ధైర్యంగా కొన్ని పదుల మైక్రోసెకన్లలో "అయ్యింది" అంటుంది. డెస్క్‌టాప్ డిస్కుకు ఆ కెపాసిటర్లు ఉండవు, నిజంగా ఫ్లాష్‌లో రాసి రావాలి, మామూలుగా ఒకటి నుంచి కొన్ని మిల్లీసెకన్లు, పక్క వీఎంలు కూడా రాస్తుంటే ఇంకా ఎక్కువ. లెక్క వేసుకో. ఒక ఎఫ్‌సింక్ 5 మిల్లీసెకన్లు అయితే వరసగా సెకనుకు 200 కమిట్లే. అదే 50 మైక్రోసెకన్లు అయితే 20 వేలు. నీ సాఫ్ట్‌వేర్ ఒక చిట్టీకి ఎన్ని కమిట్లు చేస్తోందో డేటాబేస్ లాగ్ ఆన్ చేసి చూడు. తూకం, తేమ శాతం, బస్తాల లెక్క, హమాలీ ఖర్చు, రైతు ఖాతా, ఒక్కో వరసకు విడివిడిగా కమిట్ కొట్టే సాఫ్ట్‌వేర్లు నేను చాలా చూశాను. పాత స్టాకు కూడా ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టి వరసలు అప్‌డేట్ చేస్తోందేమో చూడు, అట్లయితే వందల కమిట్లు అవుతాయి, ఐదు సెకన్లు వింత కాదు. ఎస్‌పీడీకే పెట్టినా ఆ 5 మిల్లీసెకన్లు డిస్కు లోపల పోయేవే, ఏ డ్రైవర్ వల్లా అవి తగ్గవు.

దీన్ని కొలవడం సులభం. హోస్ట్ మీద ఫియో అనే డిస్కు వేగం కొలిచే టూల్‌తో, డైరెక్ట్ మోడ్‌లో (క్యాష్ వాడకుండా), క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒకే రిక్వెస్ట్) పెట్టి 4 కేబీ రాండమ్ రీడ్ ఒకసారి, ప్రతి రైట్ తర్వాత ఎఫ్‌సింక్ పెట్టి 4 కేబీ రైట్ ఒకసారి నడుపు. రైట్ టెస్టు కొత్త ఫైలు మీద చేయి, పొరపాటున డిస్కు పేరే ఇస్తే డేటా తుడిచిపెట్టుకుపోతుంది. అవే రెండు టెస్టులు గెస్ట్‌లో నడుపు. గెస్ట్ అంకెలోంచి హోస్ట్ అంకె తీసేస్తే మిగిలేదే వర్చువలైజేషన్ ఖర్చు, డ్రైవర్ మార్పుతో నువ్వు సంపాదించగలిగేది ఆ తేడాలో కొంత భాగం మాత్రమే. హోస్ట్ మీదే ఎఫ్‌సింక్ మిల్లీసెకన్లలో ఉంటే ఈ చర్చ అక్కడితో ముగిసింది, మంచి డిస్కు కొను. పోస్ట్‌గ్రెస్ వాడుతుంటే దాంతోపాటే ఎఫ్‌సింక్ కొలిచే చిన్న టూల్ ఒకటి వస్తుంది, అదీ సరిపోతుంది.

డిస్కు కొనేలోపు ఖర్చు లేకుండా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. నీ వీఎంలలో విండోస్‌వి ఉంటే, వాటి డిస్కు ఇంకా ఐడీఈ అనే పాత పద్ధతి మీద ఉందా? ఐడీఈ ఎమ్యులేషన్‌లో ఒకసారి ఒకే రిక్వెస్ట్, ఒక్కోదానికి ఎన్నో ఎగ్జిట్లు. వర్ట్ఐఓ డ్రైవర్ ముందు ఇన్‌స్టాల్ చేసి, తర్వాత బస్ మార్చు, ముందే మారిస్తే విండోస్ బూట్ కాదు. ప్రాక్స్‌మాక్స్‌లో వర్ట్ఐఓ స్కజీ సింగిల్ ఎంచుకుని ఐఓ థ్రెడ్ టిక్ పెట్టు, లేకపోతే డిస్కు పని అంతా క్యూఎమ్యూ మెయిన్ థ్రెడ్ మీదే పడుతుంది. డేటాబేస్ వీఎం డిస్కు క్యూకౌ2లో ఉండి దాని మీద పాత స్నాప్‌షాట్లు పేరుకుని ఉంటే అవి తీసేయ్, వీలైతే రా ఫార్మాట్‌కు మార్చు, క్యూకౌలో కొత్త 64 కేబీ క్లస్టర్ తాకినప్పుడల్లా దాని పట్టికలు కూడా రాయాలి. అన్ని వీఎంల బ్యాకప్ పొద్దున తొమ్మిదింటికి పెట్టావని రాశావు, వడ్లు వచ్చే టైమే అది, రాత్రికి మార్చు.

క్యాష్ మోడ్ గురించి మాత్రం జాగ్రత్తగా విను. డేటాబేస్‌కు క్యాష్ వద్దు, డిఫాల్ట్ అలాగే ఉంచు. రైట్‌బ్యాక్ పెట్టినా గెస్ట్ ఫ్లష్ (డిస్కులోకి నిజంగా రాయమని) అడిగితే క్యూఎమ్యూ మాట వింటుంది. కానీ "అన్‌సేఫ్" అని ఇంకోటి కనిపిస్తుంది, అది ఫ్లష్‌ను అసలు పట్టించుకోదు, అందుకే చిట్టీ రెప్పపాటులో సేవ్ అవుతుంది. దాన్ని చూసి సమస్య తీరిందనుకుంటే, ఏప్రిల్‌లో గాలిదుమారానికి కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసిన సాయంత్రం డేటాబేస్ పాడవుతుంది. కాంటా చిట్టీ అంటే రైతు వడ్ల పైసలు. దాన్ని పోగొట్టే అవకాశం ఉన్న సెట్టింగు ఏదీ పెట్టొద్దు, ఎంత వేగం వచ్చినా.

ఇంకో రెండు చిన్నవి, చాలామంది మరిచిపోయేవి. నల్గొండ జిల్లా ఎండల సంగతి నీకు చెప్పక్కర్లేదు. సర్వర్ గది మిల్లు లోపలే ఉందన్నావు, ఊక దుమ్ము, తవుడు ఫ్యాన్లలో చేరి గాలి ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం రెండు మూడింటికి ఎక్కువ స్లో అవుతోందా చూడు, స్మార్ట్ రీడింగులో టెంపరేచర్ చూడు, ఫ్యాన్లు క్లీన్ చేయించు. రెండోది, సీపీయూ పవర్ సెట్టింగు. పని లేనప్పుడు కోర్లు లోతైన నిద్రలోకి పోతే లేవడానికి వంద మైక్రోసెకన్లు పైన కూడా పట్టొచ్చు, డ్రైవర్ మార్చి మిగిల్చుకునేదానికంటే అది ఎక్కువ. బయోస్‌లో పెర్ఫార్మెన్స్ ప్రొఫైల్ పెట్టి మళ్లీ కొలువు.

యూజర్‌స్పేస్ డ్రైవర్ ఎప్పుడు పెట్టాలంటావా, నేనైతే ఇలాంటి చోట పెడతా. ఒక్కో హోస్ట్‌లో ఆరు, ఎనిమిది సర్వర్ ఎన్‌వీఎంఈలు, వాటిని పొద్దస్తమానం లక్షల ఐఓపీఎస్ (సెకనుకు ఐఓలు) మీద నడిపే వీఎంలు, ఒకటి రెండు కోర్లు పూర్తిగా వదులుకున్నా బాధ లేని మెషీన్లు, బ్యాకప్ వీఎం స్థాయిలో కాకుండా స్టోరేజ్ లేదా డేటాబేస్ స్థాయిలో జరిగే ఏర్పాటు, ఎస్‌పీడీకే లెక్కలు చదివే మానిటరింగ్, ఆ ప్రాసెస్ పడిపోతే వీఎంలు తిరిగి అతుక్కోవడం టెస్టు చేసి చూసిన టీమ్. క్లౌడ్ అద్దెకిచ్చేవాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది, వాళ్లకు ఒక కోర్ ఇచ్చి పది కోర్ల ఐఓ పని చేయించుకోవడం లాభమే. ఒక్క వీఎంకే బాగా వేగం కావాలి, డిస్కు దానికే ఇచ్చేసినా పర్లేదు అనుకుంటే పాస్‌త్రూ ఇంకా సులువు, దాదాపు హోస్ట్ వేగమే వస్తుంది, లైవ్ మైగ్రేషన్ మాత్రం మర్చిపోవాలి. మధ్యలో ఉండాలనుకునేవాళ్లకు 2022లో 6.0 కర్నెల్‌తో వచ్చిన యూబ్లాక్ కూడా ఉంది, డ్రైవర్ తెలివి యూజర్‌స్పేస్‌లో రాసుకుని, కర్నెల్‌కు మామూలు బ్లాక్ డివైస్‌లా చూపించొచ్చు, మధ్యలో మాట్లాడేది ఐఓ యూరింగే. సరదా ఉంటే ఇంట్లో పాత మెషీన్ మీద ఎస్‌పీడీకే కూడా పెట్టి చూడు, నేర్చుకోవాల్సిన విషయమే, మిల్లు సర్వర్ మీద మాత్రం ఇప్పుడు ప్రయోగాలు చేయకు.

ఈరోజు రాత్రి కాంటా బంద్ అయ్యాక ముందు బ్యాకప్ తీసి, అది రీస్టోర్ అవుతోందో లేదో ఒక ఖాళీ వీఎంలో చూసుకో. తర్వాత హోస్ట్‌లో రెండు, గెస్ట్‌లో రెండు, ఆ నాలుగు అంకెలు, ఒక చిట్టీకి ఎన్ని కమిట్లు అవుతున్నాయో ఆ లెక్క, డిస్కు టెంపరేచర్ ఇక్కడ పెట్టు. రేపు పొద్దున పనికి పోయేముందు చూసి చెప్తా.